మూరెడు లోతు

పొరుగింటి కమొరికి వాళ్ళ పందిపిల్ల తమ బావిలో పడిందని రకేరా ఇంట్లో మూడోనాటికి గానీ తెలియలేదు. ఆ మూడు రోజులూ ఇంటిల్లిపాదీ ఆ నీళ్ళే తాగారు, వాటితోనే అన్నం వండుకున్నారు. రెండోనాడు ఆరేళ్ళ అనాకి విరేచనాలు పట్టుకుంటే, "మొన్నటి చేప పడలేదు దానికి" అంది నాయనమ్మ రకేరా. మూడోనాడు పొద్దున కోడలు మకురీటా బొక్కెన దించింది. నీళ్ళ చప్పుడు వినిపించాల్సిన చోట వినిపించలేదు. బొక్కెన దేనిమీదో మెత్తగా ఆగి పక్కకి ఒరిగింది.

మకురీటా మొగుడు ఇయోటెబా నడుముకి తాడు కట్టుకుని దిగి దాన్ని పైకి తీశాడు. ఈలోగా పొరుగింటి కమొరికి వచ్చి, చచ్చిన పందిని చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"మీ బావికి మూతెందుకు లేదు? మూతుంటే నా పంది బతికుండేది కదా!"

"నీ పందికి దొడ్డెందుకు లేదు? దొడ్డుంటే నా మనవరాలికి ఈ తిప్పలు ఉండేవి కావు కదా!" అంది రకేరా.

ఇద్దరి మాటా నిజమే కావడంతో ఆ తగువు ఎక్కువసేపు సాగలేదు. పందిని బయటి సముద్రం వైపు ఇసకలో పాతిపెట్టారు. బావిని కూడా ఇసకతో పూడ్చేశారు. ఆ నీళ్ళు ఇంకెవరూ నోట్లో పోసుకునేలా లేరు.

ఒనొటోవా దీవిలో అప్పటికి అయిదు నెలలుగా వాన లేదు. చర్చి కప్పు మీంచి వాన నీళ్ళు పట్టే తొట్టికి తాళం వేసి, పాస్టరుగారి భార్య ఒక్కో ఇంటికి రోజుకి రెండు బకెట్లు కొలిచి ఇస్తోంది. మిగతా ఇళ్ళవాళ్ళకి సొంత బావులున్నాయి గనక ఆ రెండు బకెట్లూ తాగడానికి సరిపోతున్నాయి. రకేరా ఇంట్లో తాగడానికీ, వంటకీ, గుడ్డలకీ, స్నానానికీ అన్నిటికీ అవే. నాలుగు రోజులకే ఇల్లంతా ఒకరినొకరు కసురుకోవడం మొదలుపెట్టారు.

అయిదోనాడు పొద్దుగూకే వేళ అందరూ ఇంటి ముందున్న మంచె మీద కూర్చుని కాల్చిన సీమపనస తింటూ ఉంటే మకురీటా అంది, "బావి నేను తీస్తాను."

అందరికంటే ముందు నవ్వినవాడు ఉరియామ్, ఇయోటెబా తమ్ముడు. జర్మన్ ఓడల్లో ఇంజిను గదిలో తొమ్మిదేళ్ళు పనిచేసి ఆ ఏడే ఇంటికొచ్చాడు. పెళ్ళి చేసుకోలేదు. ఓడలో ఉన్నన్నాళ్ళూ అతని జీతం మీదే ఇల్లు నడిచింది. ఇప్పుడు చేతిలో పనిలేక మంచె మీద పడుకుని దారినపోయే వాళ్ళని పలకరిస్తుంటాడు.

"వదినా, మీ పుట్టింటి దీవి బుటారిటారి వాళ్ళు బావులు తీయడం ఎప్పట్నించి? మీరు నోరు తెరుచుకుని నిలబడితే చాలుగా, వానే వచ్చి పడుతుంది!"

"మా ఊళ్ళో నోరు తెరిస్తే వాన పడుద్ది. నువ్వు పగలంతా నోరు తెరుచుకుని పడుకుంటావు, నీ నోట్లో ఈగలేగా పడేది!"

ఇయోటెబా పొలమారేదాకా నవ్వాడు. రకేరా నవ్వలేదు.

"బావి తీయడం ఎక్కడ నేర్చుకున్నావే?"

"టరావాలో."

ఆ పేరు వినగానే అందరూ సీమపనస ముక్కల వైపు చూసుకున్నారు. మూడేళ్ళ కిందట మకురీటా రాజధాని టరావా వెళ్ళింది పది నెలల కొడుకుని ఆస్పత్రిలో చేర్పించడానికి. వాడికీ విరేచనాలే. సెలైను ఎక్కుతున్నంతసేపూ పక్కనే కూర్చోనక్కర్లేదు, కాస్త తిరిగి రమ్మని నర్సు చెప్పింది. ఆస్పత్రి పక్క హాల్లో ఎవరో ఆడవాళ్ళకి ఇంటి దగ్గర బావి తీసుకోవడం నేర్పుతున్నారు, మధ్యాహ్నం భోజనం పెడుతున్నారు. ఆ భోజనం కోసం వెళ్ళింది. మూడు రోజులు వెళ్ళింది. నాలుగోరోజు పిల్లాడు పోయాడు, ఇక ఆ హాలు వైపు వెళ్ళలేదు. ఆ హాల్లో చెప్పిన ప్రతి మాటా ఆమెకి గుర్తుంది. గుర్తుపెట్టుకోవాలని పెట్టుకున్నది కాదు. ఆ వారంలో జరిగింది ఏదీ మరుపున పడలేదు, అందులో ఇదీ ఒకటి.

అవన్నీ ఆమె ఆ పూట చెప్పలేదు. "మూడు రోజులు నేర్పించారు" అని మాత్రం అంది.

రకేరా వాళ్ళ నేల, దీవి వంపు చుట్టుకున్న లోపలి సముద్రం ఒడ్డు నుంచి అవతల బయటి సముద్రం ఒడ్డు దాకా సన్నటి పట్టీలా ఉంటుంది. రెండు ఒడ్లకీ దూరంగా నట్టనడుమ తవ్వితేనే నీళ్ళు తియ్యగా పడతాయి. ఆ నట్టనడుమ రకేరా చేమగుంట ఉంది. ఆమె అత్తగారి అత్తగారి కాలంలో తవ్వింది. నిలువెత్తు లోతు, అడుగున నీళ్ళు, ఆ నీళ్ళలో ఇరవై మూడు పెద్దచేమ మొక్కలు. ఒక్కో మొక్క చుట్టూ మొగలాకుల బుట్ట అల్లి, ఎండుటాకులూ మట్టీ తినిపించి పెంచుతుంది. ఏ ఆకులో ఎవరికీ చెప్పదు. ఊరి సావడి మనేబాలో అందరూ కూడి విందు చేసుకునేటప్పుడు ఏ ఇంటి దుంప ఎంతుందో అందరూ చూస్తారు. రకేరా ఇంటి దుంప మోయడానికి ఇద్దరు మగాళ్ళు కావాలి.

"గుంటకి ఇరవై అడుగులు ఇవతల తవ్వుకో," అంది రకేరా చివరికి. "నా చేమకి ఏమన్నా అయిందో..." అని ఆపేసింది. మిగతాది చెప్పకపోయినా మకురీటాకి అర్థమైంది.

మర్నాటి నుంచి తవ్వకం మొదలైంది. ఇయోటెబా పొద్దున్నా సాయంత్రమూ కొబ్బరిచెట్లెక్కి కల్లు గీస్తాడు. ఆ మధ్యలో వచ్చి, ఆమె తవ్విపోసిన ఇసక గంపలతో మోసేవాడు. పైన ఇసక, దాని కింద ముక్కలు ముక్కలైన పగడపురాయి. మనిషి దిగిన కొద్దీ గొయ్యి గోడలు జారిపోతుంటే, అడుగు తీసేసిన ఇనప పీపాలు రెండు ఒకదాని మీదొకటి దించి ఆపింది.

దారినపోయేవాళ్ళకి కాలక్షేపమైంది.

"ఇయోటెబా, నీ పెళ్ళాం నీకే తవ్వుతోందా గొయ్యి?"

"నువ్వూ పట్టేలా తవ్వమన్నాలే, మనిద్దరం కలిసే పడుకుందాం!"

ఏడడుగులకి నీళ్ళు కనిపించాయి. అక్కడ మకురీటా పార పక్కన పెట్టేసి, ఒక కర్ర తెచ్చి గొయ్యి మధ్యలో పాతింది. సముద్రం పోటు మీదున్నప్పుడు గొయ్యిలో నీళ్ళు జానెడు లేస్తాయి, ఆటుకి మళ్ళీ దిగుతాయి. రెండు పగళ్ళు ఆ కర్ర దగ్గరే కూర్చుని కత్తితో గాట్లు పెట్టింది. అన్నిటికంటే కిందికి దిగిన గాటు దగ్గర నుంచి మూరెడు తవ్వితే చాలు. పైపుకి ఇనప రంపంతో సన్నటి చీలికలు కోసి, పాత దోమతెర గుడ్డ చుట్టి, ఆ మూరెడు లోతులో అడ్డంగా పడుకోబెట్టాలి. దాని చుట్టూ గులకరాళ్ళు పోసి, పైన సిమెంటు మూత వేసి, చేతిపంపు బిగించాలి. చేతిపంపు కూడా పైపు ముక్కలతో తనే చేసింది. లోపలి రబ్బరు బిళ్ళ పాత చెప్పు అడుగు నుంచి కోసింది.

ఉరియామ్ మంచె దిగొచ్చి గొయ్యిలోకి తొంగిచూశాడు.

"మూరెడేంటి వదినా? మూరెడు నీళ్ళు కోడిపిల్లకి కూడా చాలవు."

"కిందున్నది ఉప్పు."

"ఎవరన్నారు?"

"టరావాలో అన్నారు. కొబ్బరిపాల మీద మీగడ తేలినట్టు, ఉప్పునీళ్ళ మీద తీపినీళ్ళు తేలుతుంటాయిట. మీగడ వరకే తీసుకోవాలి. కింద గెలికితే రెండూ కలిసిపోతాయి."

"వాళ్ళు ఇంజిను చూశారా ఎప్పుడన్నా? గొట్టం నీళ్ళలో ఎంత మునిగితే పంపుకి అంత మంచిది. గాలి పీల్చిందా, చచ్చిపోద్ది."

"ఇది ఓడ కాదు ఉరియామూ."

"చుట్టూ సముద్రమేగా!"

ఆ మాటకి ఆమెకీ నవ్వొచ్చింది. నవ్వడం వల్ల ఆ వాదం తేలకుండానే ఆగిపోయింది.

ఆ వారంలోనే పక్క ఊళ్ళో చర్చి ఆడవాళ్ళ కూటం వచ్చింది. మకురీటా అనాని వెంటబెట్టుకుని మూడు రోజులు వెళ్ళాలి. "నేనొచ్చాక దించుదాం పైపు" అని ఇయోటెబాకి చెప్పి వెళ్ళింది. ఇయోటెబా సరేనన్నాడు. ఎవరేం చెప్పినా సరేననే మనిషి అతను.

తిరిగొచ్చేసరికి బావి తయారై ఉంది. సిమెంటు మూత ఆరిపోయింది. చేతిపంపు బిగించి ఉంది. ఉరియామ్ పక్కన నిలబడి ఉన్నాడు, అరచేతులు రెండూ బొబ్బలెక్కి ఉన్నాయి. గొయ్యి అడుగున గట్టిరాయి పొర తగిలితే గునపంతో పొడిచి పొడిచి కన్నం చేశాడట. ఆ కన్నంలోంచి పైపు నిలువునా దించేశాడు.

"ఎంత లోతు?" అంది మకురీటా.

"ఆ సంగతి ఎందుకు? తాగి చూడు."

తాగింది. తియ్యగా ఉన్నాయి.

"రెండు బారలు," అన్నాడు ఉరియామ్ అప్పుడు, ఆపుకోలేక. "నీ మూరెడు చోట రెండు బారలు!"

మకురీటా మొగుడి వైపు చూసింది. "వాడు సరదాపడ్డాడు" అన్నాడు ఇయోటెబా నేల చూస్తూ. అనా అప్పటికే పంపు కింద తల పెట్టి కేరింతలు కొడుతోంది. రకేరా చాలా రోజులకి తల తడుపుకుని, జుట్టు విరబోసుకుని ఎండలో కూర్చుంది. చెప్పాల్సిన మాట మకురీటా నోటిదాకా వచ్చింది. ఇంట్లో అందరూ ఇలా నవ్వుతూ ఉండటం పంది పడ్డాక ఇదే మొదలు. ఆ మాట మింగేసి, ఆమె కూడా బకెట్టు పట్టుకొచ్చింది.

అక్కడితో ఆగి ఉంటే ఎలా ఉండేదో చెప్పలేం. ఉరియామ్ ఆగలేదు. ఇంటి మీదున్న సోలారు పలక దించి, తనతో తెచ్చుకున్న చిన్న మోటారుకి తగిలించి, ఆ మోటారుని బావికి బిగించాడు. కొబ్బరి దుంగల మీద పెద్ద ప్లాస్టిక్ తొట్టి నిలబెట్టాడు. కరువు ఎండ కదా, పొద్దున్న ఏడింటి నుంచి సాయంత్రం అయిదింటి దాకా మోటారు ఆగకుండా తిరిగేది. తొట్టి నిండి పొర్లేది. పొర్లిన నీళ్ళలో కమొరికి వాళ్ళ మిగతా పందులు దొర్లేవి. చుట్టుపక్కల ఎనిమిది ఇళ్ళవాళ్ళు బకెట్లతో వరస కట్టారు. ఉరియామ్ మంచె మీద పడుకోవడం మానేశాడు. తొట్టి పక్కన నిలబడి, వచ్చినవాళ్ళందరికీ తన చేత్తో కుళాయి తిప్పి ఇచ్చేవాడు.

ఆ నెలాఖరున మనేబాలో ఊరంతా కూడినప్పుడు బెనియామినా లేచాడు. ఊరి పెద్దల్లో అందరికంటే పెద్దవాడు, మాట్లాడేముందు చాలాసేపు దగ్గుతాడు.

"ఈ కరువులో మన ఊళ్ళో ఒక కుర్రాడు నీళ్ళు పుట్టించాడు," అన్నాడు. "సముద్రాలు తిరిగితే ఏం నేర్చుకొస్తారు, తాగుడు తప్ప, అనుకునేవాణ్ణి. నాదే తప్పు. ఉరియామ్, లే, నిన్ను అందరూ చూడాలి."

ముప్పై ఎనిమిదేళ్ళ ఉరియామ్ లేచి నిలబడి, ఎప్పుడూ లేనిది సిగ్గుపడ్డాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మకురీటా వెనక వరసలో చాపమీద కూర్చుని తనూ కొట్టింది. ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు. ఆమెకి కోపం రాలేదని చెప్పలేం. కానీ మరిది మొహం అలా వెలగడం చూసి, అందులో ఒక పాలు తగ్గింది కూడా.

ఆరు వారాలు గడిచాయి. ఒకరోజు అనా గౌను ఉతుకుతుంటే సబ్బు నురగ రాలేదు. ఎంత రుద్దినా తెల్లటి తెట్టులా గుడ్డకి అంటుకుపోతోంది. మకురీటా చేయి కడుక్కుని తొట్టి దగ్గరికెళ్ళి గుక్కెడు నోట్లో పోసుకుంది. ఉప్పని చెప్పలేం, చప్పగానూ లేవు. నాలుక చివర ఏదో ఒకటి మిగిలిపోతోంది.

ఆ పూట ఇయోటెబాకి చెప్పింది. ఇయోటెబా తమ్ముడికి చెప్పాడు.

"చైనా సబ్బు అన్నా అది," అన్నాడు ఉరియామ్. "దానికి పాలల్లో కూడా నురగ రాదు."

నాలుగు రోజులకి టీ రుచి మారింది. ఆ తర్వాత నీళ్ళకొచ్చే వాళ్ళు ఒక్కొక్కరే తగ్గారు. ఉరియామ్ రోజూ తొట్టి దగ్గర నిలబడుతూనే ఉన్నాడు.

రకేరా మాత్రం నీళ్ళ రుచి సంగతి పట్టించుకోలేదు, వయసు మీద పడ్డాక అన్నీ ఒకే రుచి అనేది. ఆమె చూసింది ఆకుల్ని. ఒక పొద్దున గుంటలోకి దిగేసరికి చేమాకుల అంచులు నిప్పు సెగ తగిలినట్టు గోధుమరంగుకి తిరిగి ఉన్నాయి. ఒకటి కాదు, గుంటలో ఆ బావి వైపున్నవన్నీ. మోకాలిలోతు నీళ్ళలో నిలబడి వేలు ముంచి నాలుకకి రాసుకుంది. తర్వాత పైకొచ్చి గట్టుమీద కూర్చుంది. మకురీటా చూసి పరిగెత్తుకెళ్ళింది.

"ఏమైంది అత్తా?"

"ఆ గొట్టం ఎంత లోతుకి దించారే?"

"రెండు బారలు."

"నువ్వు ఎంతన్నావు?"

"మూరెడు."

"అంటే నీకు తెలుసు."

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"మొదటిరోజు నించి."

"మరి నోరెందుకు మెదపలేదు?"

"అందరూ సంతోషంగా ఉన్నారు అత్తా."

"అయితే దిగి నా మొక్కలకి చెప్పు ఆ సంతోషం సంగతి," అంది రకేరా. గొంతు పెంచలేదు. మకురీటాకి ఇరవైయేళ్ళలో అత్తగారు పెట్టిన చీవాట్లు చాలా ఉన్నాయి, ఇంత మెల్లగా పెట్టింది ఇదే.

ఉరియామ్ వచ్చాడు. కరువు ముదిరిందన్నాడు. గుంటలో నీళ్ళు వాటంతటవే చిక్కబడ్డాయన్నాడు. సముద్రం పెరుగుతోందని ఓడలో అందరూ అనుకునేవాళ్ళన్నాడు.

"నాకు పెళ్ళయ్యాక ఇంతకంటే పెద్ద కరువులు నాలుగు చూశాన్రా," అంది రకేరా. "అప్పుడు నా గుంట ఎండింది గానీ ఉప్పెక్కలేదు. ఆ మోటారు ఆపు."

"ఆపితే ఊరంతా నవ్వుద్ది!"

"నవ్వితే పళ్ళు కనపడతాయి. ఆపు."

ఉరియామ్ ఆపలేదు. పడవ తీసుకుని లోపలి సముద్రంలోకి చేపలకి పోయాడు. పోతూ పోతూ, "ఎవరు ముట్టుకుంటారో నేనూ చూస్తా" అన్నాడు.

మకురీటా ముట్టుకుంది. మోటారు తీగ పీకేసి, గునపం తీసుకుని సిమెంటు మూత మీద వేసింది. మొదటి నాలుగు దెబ్బలకి పెచ్చు కూడా లేవలేదు. కల్లు ముంతతో చెట్టుమీదున్న ఇయోటెబా పైనించి చూశాడు. చెట్టుమీద పాడే పాట మధ్యలో ఆపేసి దిగొచ్చాడు. ఏమీ అడగకుండా ఆమె చేతిలోంచి గునపం తీసుకున్నాడు. నోటితో సరేననకుండా అతను చేసిన పని బహుశా అదొక్కటే.

మధ్యాహ్నానికి మూత పగిలింది. గులకరాళ్ళు తోడి పోశారు. పైపు పైకి రాలేదు, రాతి కన్నంలో బిగుసుకుపోయింది. ఆటు సమయం చూసుకుని మకురీటా గొయ్యిలోకి దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, రాతి పొర దగ్గర పైపుని రంపంతో కోసేసింది. కోసిన చోటి నుంచి నీళ్ళు ఊరుతున్నాయి. నోట్లో పెట్టుకుంటే సముద్రం.

అప్పుడు గట్టు మీద ఉరియామ్ కనిపించాడు. చేతిలో చేపల గుత్తి, ఒంటి మీద ఎండిన ఉప్పు. పగిలిన మూతని, నరికిన పైపుని, లోపల బురదలో కూర్చున్న వదినని చూశాడు. ఇయోటెబా గునపం గట్టిగా పట్టుకున్నాడు, ఎందుకో అతనికే తెలీదు.

"అమ్మ చెప్పింది, నీకు ముందే తెలుసంటగా," అన్నాడు ఉరియామ్.

"తెలుసు."

"మనేబాలో నన్ను నిలబెట్టినప్పుడు కూడా తెలుసు."

"తెలుసు."

"ఒక్క మాట అనుండాల్సింది వదినా. నన్ను తిట్టుండాల్సింది."

"తిడితే వినేవాడివా?"

"వినేవాణ్ణి కాదు," అన్నాడు. చేపలు గట్టుమీద పెట్టి లోపలికి తొంగిచూశాడు. "ఆ కన్నం అలా వదిలేస్తే ఎన్ని మూరలు కొలిచినా లాభం లేదు. ఉప్పు అక్కణ్ణించే ఎక్కుద్ది. దాన్ని మూయాలి."

"ఎలా? నీళ్ళలో సిమెంటు నిలవదుగా."

"ఓడ అడుగున కన్నం పడితే మేమేం చేస్తాం అనుకున్నావు? ముంచేసుకుంటామా?"

తన గది నేలకని టరావా నుంచి తెప్పించి దాచుకున్న సిమెంటు మూడు సంచులూ మోసుకొచ్చాడు. తక్కువ నీళ్ళతో ముద్దలా కలిపి, బియ్యం సంచుల్లో కుక్కి, ఒక్కొక్కటీ కన్నం మీదికి దించి, పైనించి దుంగతో దిమ్మిస కొట్టాడు. మూడో సంచి అయ్యేసరికి ఊట నిలిచింది. పోటు మొదలవుతుండగా పైకెక్కారు. మర్నాడు మకురీటా తన పైపుని, దోమతెర చుట్టిందాన్ని, మూరెడు లోతులో పడుకోబెట్టింది. ఉరియామ్ పైనించి అందించాడు.

నీళ్ళు వెంటనే బాగుపడతాయని ఎవరన్నా ఆశపడి ఉంటే అది జరగలేదు. కలిసిపోయిన మీగడ మళ్ళీ తేరుకోవడానికి వాన కావాలి. ఆ వాన రావడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ చర్చి తొట్టి దగ్గర రెండు బకెట్లే. వరసలో నిలబడ్డప్పుడు కమొరికి, "మీ ఇంటి నీళ్ళుంటే కూరలోకి ఉప్పు కొననక్కర్లేదంటగా!" అనేవాడు. ఉరియామ్ ముందు రెండు రోజులు మొహం తిప్పుకున్నాడు. మూడోరోజు, "నీ పంది పులుసుకి పంపిస్తాలే" అన్నాడు. ఆ తర్వాత కమొరికి ఆ ఊసెత్తలేదు.

గుంటలో పదకొండు మొక్కలు చచ్చిపోయాయి. రకేరా ఒక్కొక్కటీ చేత్తోనే పెకలించింది. కుళ్ళనివాటిని ఉడకబెట్టి, కోరిన కొబ్బరితో అందరికీ పెట్టింది. చేదుగా ఉన్నాయి. అందరూ తిన్నారు, ఉరియామ్ రెండుసార్లు వడ్డించుకున్నాడు.

జనవరిలో వాన కురిసింది. మూడు వారాలు ఆగి ఆగి కురిసింది. ఫిబ్రవరి చివర ఒకరోజు మకురీటా పంపు కింద గుడ్డ నానబెట్టి సబ్బు రాస్తే మోచేతుల దాకా నురగ వచ్చింది. రకేరాని పిలిచి చూపించింది. రకేరా నురగ కొంచెం వేలితో తీసి చూసి, "ఊఁ" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ మర్నాటి మనేబాలో, ఎవరూ అడక్కుండానే, ముసలామె లేచి, ఆ బావి కొలిచింది తన కోడలు మకురీటా అని, పాడుచేసింది తన కొడుకని, మళ్ళీ బాగుచేసింది ఇద్దరూ కలిసి అని చెప్పి కూర్చుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇలాంటి వాటికి కొట్టాలో వద్దో ఊళ్ళో ఎవరికీ తెలీదు.

ఆ తర్వాత ఏడాదిలో ఊళ్ళో ఏడు ఇళ్ళవాళ్ళు అలాంటి బావులు వేయించుకున్నారు. కర్ర పాతి గాట్లు పెట్టేది మకురీటా. పైపులు కోసి, చెప్పుల అడుగులు వెతికి పంపులు బిగించేది ఉరియామ్. చాపలో, కోడిపుంజో, ఎండుచేపలో ఇచ్చేవాళ్ళు. ఇద్దరూ ప్రతి గొయ్యి దగ్గరా పోట్లాడుకునేవాళ్ళు. లోతు గురించి కాదు. రాళ్ళు ముందు పోయాలా గుడ్డ ముందు చుట్టాలా, మూత గుండ్రంగా ఉండాలా పలకగా ఉండాలా, ఏదో ఒకటి. వినడానికని జనం చేరేవాళ్ళు.

ఏడోది బెనియామినా ఇంటి బావి, ఊరి ఉత్తరపు చివర, దీవి వెడల్పుగా ఉన్న చోట. మకురీటా మూరెడు దగ్గర ఆపమంది. ముసలాయన దగ్గి దగ్గి, "ఇంకో రెండు మూరలమ్మా, నా మనవలు చాలామంది" అన్నాడు. ఆమె కుదరదంది. వాళ్ళిద్దరూ వెళ్ళిపోయాక బెనియామినా తన మనుషుల్ని దింపి ఇంకో రెండు మూరలు తవ్వించేశాడు. మకురీటాకి తెలిసి చాలా బాధపడింది. ఆరు వారాలకి ఉప్పెక్కుతుందని ఇంట్లో చెప్పింది. ఆరు వారాలు గడిచాయి. ఆరు నెలలు గడిచాయి. ఎక్కలేదు.

ఉరియామ్ ఆనందం చెప్పతరం కాదు.

"చూశావా వదినా? నీ మూర తప్పింది!"

"అక్కడ నేల వెడల్పు ఎక్కువ. మీగడ మందంగా ఉంటుందేమో."

"మరి ముందే చెప్పలేదేం?"

"నాకూ ముందు తెలీదు."

"టరావాలో చెప్పలేదా?"

"చెప్పలేదు," అంది మకురీటా. "నాలుగోరోజు చెప్పుంటారేమో."

ఆమె లేచి కర్ర తీసుకుంది. సముద్రం ఆటు మీదుంది. బెనియామినా ఇంటికెళ్ళి, కొలత చూసుకోవడానికి మూతలో వదిలిన కన్నంలోంచి కర్ర దించి కొలిచి, పంపు కొట్టించుకుని దోసెడు నీళ్ళు తాగింది. తియ్యగానే ఉన్నాయి. ముసలాయన ఆమెకి ఒక లేత కొబ్బరికాయ కొట్టి ఇచ్చాడు. ఇది జరిగి రెండేళ్ళయింది. ఆమె ఇప్పటికీ నెలకోసారి వెళ్ళి కొలిచి వస్తూనే ఉంది.